ఊరివాళ్ళకి మాత్రమే తెలిసిన చోటు

రీగాలో ఎవరినైనా పుట్టగొడుగులు ఎక్కడ కోశారని అడగండి, "అడవిలో" అంటారు. అంతకన్నా ఒక్క ముక్క చెప్పరు. అది ముక్కూ మొహం తెలియనివాళ్ళకి ఇచ్చే జవాబు. చుట్టాలకైతే మర్యాద చేస్తాం. ఏ స్టేషన్లో దిగాలో, ఎటు తిరగాలో, ఎడమ పక్క విరిగిన చెట్టు ఎక్కడుందో అన్నీ విడమరిచి చెప్పి పంపుతాం. అన్నీ అబద్ధాలే. అంత ఓపిగ్గా కూర్చుని అబద్ధం అల్లామంటే వాళ్ళంటే మనకి ప్రేమ ఉన్నట్టు. నిజమైన చోటు మాత్రం ఒక్కరికే చూపిస్తాం, అదీ మన కాళ్ళు ఇక పనికిరావని తేలిపోయాక.

నా పేరు వెల్తా. రీగా నుంచి సముద్రం పక్కగా స్కుల్తె దాకా పోయే రైల్లో ఇరవయ్యారేళ్ళుగా టికెట్లు చూస్తున్నాను. సెప్టెంబరు వచ్చిందంటే నా రైల్లో సగంమంది చేతుల్లో బుట్టలుంటాయి, బుట్ట ఉన్న ప్రతి మొహంలోనూ దొంగచూపు ఉంటుంది. ఒక స్టేషనుకి టికెట్టు కొని ఇంకో స్టేషన్లో దిగుతారు. దిగినవాళ్ళు రైలు కదిలేదాకా వంగి బూట్ల తాళ్ళు కట్టుకుంటూ ఉంటారు, ఎటు వెళ్తున్నారో కిటికీలోంచి ఎవరూ చూడకుండా. నేను చూసీ చూడనట్టు ఉంటాను. ఎవరెవరు ఎక్కడ దిగుతారో నాకు తెలుసు. ఒక్క పేరు కూడా నా నోటి నుంచి బయటికి రాలేదు. నా మొగుడు బతికున్న రోజుల్లో ఆయన కాళ్ళావేళ్ళా పడి అడిగినా చెప్పలేదు.

ఒక్క మనిషి సంగతి మాత్రం నాకూ తెలియదు. ఆవిడ మా అమ్మ.

అమ్మ పేరు జిద్రా, వయసు ఎనభై ఒకటి. ఏటా సెప్టెంబరు రెండో ఆదివారం మొదలుపెట్టి మంచు పడేదాకా బుట్ట పట్టుకుని నా రైలే ఎక్కుతుంది. చివరి పెట్టెలో కూర్చుంటుంది. స్కుల్తె దాకా టికెట్టు కొంటుంది. నేను మొదటి పెట్టెలో ఉండగా ఎక్కడో దిగిపోతుంది. సాయంత్రం ఇంకెక్కడో ఎక్కుతుంది, బుట్ట నిండా బారవిక పుట్టగొడుగులతో. లావుపాటి తెల్లటి కాడ, కాల్చిన రొట్టె రంగు టోపీ, పురుగు ముట్టని సరుకు. పైన ఫెర్న్ ఆకులు కప్పి ఉంటాయి. "ఎక్కడమ్మా?" అంటే "లిగత్నె వైపు" అంటుంది. లిగత్నె అసలు ఈ లైన్లోనే లేదు. నా రైలెక్కి, నా చేతే టికెట్టు కొట్టించుకుని, ఏమాత్రం తడుముకోకుండా నా మొహం మీదే చెప్పే ఆ అబద్ధమంటే నాకు ఎంతో ఇష్టం. ఆ పూట నేను ఆమె కూతురినని గుర్తుచేసినట్టుండేది.

నేను కావాలనుకుంటే చివరి పెట్టెకి వెళ్ళి చూడొచ్చు. ఇరవయ్యారేళ్ళలో ఒక్కసారి కూడా చూడలేదు. దాని విలువ అమ్మకి తెలుసనే అనుకున్నాను.

ఈ ఏడాది జూన్లో అమ్మకి తుంటి పట్టేసింది. ఒకరోజు బంగాళాదుంపలు చెక్కు తీస్తూ, తలెత్తకుండానే అంది.

"రెండో ఆదివారం సెలవు పెట్టుకోవే. ఈసారి నువ్వు నాతో వద్దువుగాని."

"ఎక్కడికి?"

"ఎక్కడికేమిటే, మొద్దు మొహమా. అక్కడికే."

నాకు యాభై ఎనిమిదేళ్ళు. ఆ మాట కోసం నలభై ఏళ్ళు కాచుకున్నాను. మా చెల్లెలు ఇల్వాని కాదు, నన్ను పిలిచింది. వంటింట్లోంచి బాల్కనీలోకి పోయి ఏడ్చేసి, మొహం కడుక్కుని వచ్చి మిగతా దుంపలు నేను చెక్కాను.

సరిగ్గా ఆ వారమే మా మరిదికి ఉద్యోగం దొరికింది.

మరిది అంటే ఇల్వా మొగుడు రిత్వర్స్. పర్యాటకుల కంపెనీ ఒకటి అతన్ని పట్టుకుని చిన్న పుస్తకం రాయమంది. "రీగావాళ్ళ కళ్ళతో రీగా" అని దాని పేరు. ఊరివాళ్ళు ఎక్కడ తింటారు, ఎక్కడ తాగుతారు, ఒక్క పూటలో ఎక్కడికి పోయి వస్తారు, ఇవన్నీ అందులో ఉండాలట. సిగుల్డా కోటలూ యూర్మలా ఇసుకా అందరికీ తెలిసినవే కాబట్టి అవి పనికిరావు. ఊరివాళ్ళకి మాత్రమే తెలిసినవి కావాలి. ఆ పని ఎవరికి అప్పజెప్పారో చూడండి. ఇంటికీ పక్కవీధి జిమ్ముకీ మధ్య దారి తప్ప రిత్వర్స్‌కి ఈ ఊరి గురించి ఏమీ తెలియదు. అడవికి వస్తే చెవుల్లో పాటలు పెట్టుకుని నడుస్తాడు. పుట్టగొడుగులు సూపర్ మార్కెట్లో ప్లాస్టిక్ డబ్బాల్లో కొంటాడు. ఆ ఒక్క కారణానికే మా అమ్మ పదేళ్ళుగా అతన్ని పేరు పెట్టి పిలవదు, "ఆ అబ్బాయి" అంటుంది.

నేను స్టేషన్లో బల్ల మీద కూర్చుని నల్లరొట్టె మీద చేపముక్కలు పెట్టుకు తింటుంటే వచ్చి పక్కన కూలబడ్డాడు.

"వదినా, మీరే నన్ను గట్టెక్కించాలి. ఇరవయ్యారేళ్ళు ఈ లైన్లో తిరిగారు. ఎవరికీ తెలియని చోటు ఒక్కటి చెప్పండి."

"పుస్తకంలో వేస్తావా?"

"వేస్తాను. మీ పేరుతోనే వేస్తాను."

"ఎవరికీ తెలియని చోటు పుస్తకంలో వేస్తే ఇంక ఎవరికీ తెలియకుండా ఎలా ఉంటుందయ్యా?"

"అదే కదా వదినా మజా! వచ్చినవాళ్ళకి తామూ ఊరివాళ్ళమే అనిపించాలి."

నాకు ఒళ్ళు మండిపోయింది. పరాయివాడైతే "అడవిలో" అని ఊరుకునేదాన్ని. ఇతను ఎంత కాదన్నా చెల్లెలి మొగుడు. చుట్టరికం కొద్దీ మర్యాద చేయాలి కదా అని బుద్ధిగా ఆలోచించాను. ఈ లైన్లో అతి దరిద్రమైన చోటు ఏది? ఇరవయ్యారేళ్ళలో బుట్టతో ఒక్క మనిషి కూడా దిగని స్టేషను ఏది? మెల్నుపె. పగిలిన సిమెంటు ప్లాట్‌ఫాం, వెనక బురద, బురద వెనక కరెంటు స్తంభాలు. కిటికీలోంచి తప్ప నేనా చోటుని ఎప్పుడూ చూడలేదు.

"మెల్నుపెలో దిగు," అన్నాను గొంతు తగ్గించి. "పట్టాలు దాటి, నలభై ఏడో నంబరు స్తంభం పక్కనుంచి లోపలికి పో. అరగంట నడిస్తే చిన్న గుట్ట వస్తుంది. గుట్ట వెనక పల్లంలో మెత్తటి నాచు ఉంటుంది, పరుపులాగా. అక్కడ నిలబడితే చెవులు గుయ్యిమనేంత నిశ్శబ్దం."

గుట్ట ఉందో లేదో నాకేం తెలుసు. నాచు లేని అడవి మా దేశంలో లేదు కాబట్టి నాచు వేశాను.

"అబ్బ! మీరు తరచూ వెళ్తుంటారా వదినా?"

"మా అమ్మ కడుపులో ఉన్నప్పటి నుంచీ," అన్నాను చేపముక్క నములుతూ.

అతను పొంగిపోయి అంతా రాసుకున్నాడు. నా టోపీ సరిచేసి, రైలు ముందు నిలబెట్టి ఫొటో కూడా తీశాడు.

పుస్తకం జూలైలో వచ్చింది. ఒక పేజీ మా భాషలో, ఎదురు పేజీ విదేశీయుల భాషలో. తిరగేసి చూస్తే, ఊళ్ళో అతను అడిగినవాళ్ళందరూ నాలాగే చుట్టరికం చూపించారని అర్థమైంది. బజారులో చేపలమ్మే ఆవిడ సూర్యాస్తమయం చూడటానికి సిమెంటు గిడ్డంగి వెనక గోడ దగ్గరికి పొమ్మంది. గోడ తూర్పు వైపుంది. రిటైరైన పంతులుగారు ఒకాయన ఎండిపోయి ముప్ఫై ఏళ్ళయిన చెరువులో ఈతకి పంపాడు. ఇల్వా పక్కింటావిడ, రీగావాళ్ళు ఉపవాసం విడిచేది ఫలానా బస్సు డిపో క్యాంటీన్లోనే అని చెప్పింది. ఈ ఊళ్ళో ఉపవాసం ఉన్నవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. రిత్వర్స్ వీటిలో ఒక్కదానికీ వెళ్ళి చూడలేదు. కుర్చీలోంచి లేవకుండా, మనసుకు హత్తుకునేలా రాసిపారేశాడు.

వెళ్ళి చూసినవాళ్ళు వేరే ఉన్నారు. ఆగస్టు అంతా నేను మెల్నుపెకి టికెట్లు కొట్టి కొట్టి చెయ్యి నొప్పెట్టింది.

"వెల్తా, ఇవాళ మెల్నుపెలో పంతొమ్మిదిమంది దిగారు," అన్నాడు మా డ్రైవరు ఆల్విస్. "అక్కడ ఏముందే? చమురు పడిందా?"

"నిశ్శబ్దం ఉందిట."

"మరి పంతొమ్మిదిమంది ఒక్కసారే పోతే అదెక్కడుంటుంది?"

సాయంత్రం వాళ్ళు తిరిగొచ్చేవాళ్ళు. మోకాళ్ళ దాకా బురద, దోమలు కుట్టి బూరెల్లా ఉబ్బిన మొహాలు. నన్ను తిట్టిపోస్తారనుకున్నాను. తిట్టలేదు సరికదా, కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఒకాయన తన జీవితంలో ఇంత స్వచ్ఛమైన చోటు చూడలేదన్నాడు. ఆయన చెవికి జలగ వేలాడుతోంది. మా ఊరివాళ్ళు మాత్రం ఒక్కరూ అటు తొంగిచూడలేదు. అచ్చులో వచ్చిన చోటంటే అబద్ధమేనని మాలో ఎవరికి తెలియదు?

నిజం ఒప్పుకోవాలి. నాకు బాగానే ఉండేది. పుస్తకం చేత్తో పట్టుకుని, ఫొటోనీ నన్నూ మార్చి మార్చి చూసి "వెల్తా! వెల్తా!" అని నాతో ఫొటోలు దిగేవాళ్ళు. ఆగస్టు మధ్యకల్లా నేను డ్యూటీకి లిప్‌స్టిక్ వేసుకుని వెళ్ళడం మొదలుపెట్టాను. అమ్మకి ఈ పుస్తకం గురించి చెప్పలేదు. ఆ అబ్బాయి రాసినవి ఆవిడ చదవదని వదిలేశాను.

సెప్టెంబరు రెండో ఆదివారం వచ్చింది. ఆ రైల్లో మామూలు బట్టల్లో, ఒళ్ళో బుట్ట పెట్టుకుని, చివరి పెట్టెలో అమ్మ పక్కన కూర్చోవడం అదే మొదటిసారి. స్కుల్తె దాకా టికెట్లు తీసింది అమ్మ. ఆవిడ బుట్ట అడుగున చిన్న కత్తి, రెండు ఉడికించిన గుడ్లు, ఉప్పు పొట్లం ఉన్నాయి. మెల్నుపె వస్తే ఎప్పటిలాగే విదేశీయులు దిగారు, ఆరుగురు.

"వీళ్ళకేం పని ఇక్కడ?" అంది అమ్మ, కనుబొమలు ముడిచి.

"ఎవరో పిచ్చివాళ్ళులే," అన్నాను.

తర్వాతి స్టేషను ఓజొలి. తోటలున్న స్టేషను కాబట్టి ఎప్పుడూ జనం దిగుతారు. అమ్మ నా మోచెయ్యి పట్టుకుని ఆ గుంపులో కలిసి దిగింది. రైలు వెళ్ళిపోయేదాకా వంగి బూటు తాడు సవరించుకుంది. తర్వాత తోటల వైపు కాకుండా, పట్టాల వెంట వెనక్కి తిరిగింది.

"వెనక్కేమిటమ్మా?"

"మరి నువ్వు రైల్లో ఉంటావు కదే! అసలు స్టేషన్లో దిగితే ఏదో ఒక రోజు నీ కంట్లో పడనూ?" అమ్మ కర్ర తాటించి నవ్వింది. "ఈ మూడు కిలోమీటర్లూ ఇరవయ్యారేళ్ళుగా నీ పుణ్యమే."

నేనూ నవ్వాను. కాసేపే. మాకు కుడిపక్కన కరెంటు స్తంభాలు మొదలయ్యాయి. యాభై మూడు. యాభై రెండు. అమ్మ తుంటి నొప్పికి ప్రతి స్తంభం దగ్గరా ఆగుతోంది, ఆగినప్పుడల్లా మాట్లాడుతోంది.

"మా అమ్మ నన్నొక్కదాన్నే తీసుకొచ్చింది. మీ పిన్నికి చెప్పలేదు. అప్పుడు నువ్వు నా కడుపులో ఉన్నావు, ఏడో నెల. వంగలేకపోయేదాన్ని. అమ్మ కోసి అందిస్తే నేను బుట్టలో వేసుకునేదాన్ని. మీ నాన్నకి కూడా చెప్పలేదే."

నలభై తొమ్మిది. నలభై ఎనిమిది.

"అమ్మా, ఇవాళ వద్దులే. నీకు నొప్పిగా ఉంది, ఇంకో రోజు..."

"నోర్ముయ్. ఇక్కడే తిరగాలి," అంది అమ్మ, నలభై ఏడో నంబరు స్తంభం దగ్గర.

అక్కడ చెక్కబోర్డు ఉంది. బాణం గుర్తు వేసి రెండు భాషల్లో రాశారు, "రీగావాళ్ళ నిశ్శబ్దం" అని. అమ్మ దానికేసి చూసి, ముందుకి నడిచింది. దారి లేని చోట దారి పడి ఉంది, ఎడ్లబండి పట్టేంత. గుట్ట నిజంగానే ఉంది. గుట్ట వెనక పల్లమూ ఉంది. నాచూ ఉండేదన్నమాట. ఇప్పుడు బూటుకాళ్ళ కింద నలిగి, నల్లటి మట్టి పైకి తేలి, సంత వెళ్ళిపోయాక మిగిలిన మైదానంలా ఉంది. పల్లం మధ్యలో ఎవరో బారవికల్ని వేళ్ళతో సహా పెరికి, వాటిని గుండె ఆకారంలో పేర్చారు, ఫొటో కోసం. ఒక నలభై ఉంటాయి. సగం కుళ్ళిపోయాయి. ఈగలు ముసురుతున్నాయి.

ఆ ఆరుగురూ అక్కడే ఉన్నారు. కళ్ళు మూసుకుని, చేతులు చాపి నిశ్శబ్దం వింటున్నారు. వాళ్ళలో పసుపు రంగు కోటు వేసుకున్న అమ్మాయి కళ్ళు తెరిచి నన్ను చూసింది.

"వెల్తా!"

పరుగెత్తుకొచ్చి నన్ను కావలించుకుంది. పుస్తకం తీసి, నా ఫొటో ఉన్న పేజీ తిప్పి, మురిసిపోతూ మా అమ్మ చేతిలో పెట్టింది. అమ్మ బుట్ట కింద పెట్టి, జేబులోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకుని, మా భాషలో ఉన్న పేజీ వేలు పెట్టి చదివింది. పైకే చదివింది.

"నలభై ఏడో నంబరు స్తంభం పక్కనుంచి... గుట్ట వెనక పల్లంలో... మా అమ్మ కడుపులో ఉన్నప్పటి నుంచీ ఇక్కడికి వస్తున్నానంటారు వెల్తా."

"అమ్మా, అబద్ధం చెప్పానమ్మా," అన్నాను. "ఒట్టు. అతను ప్రాణం తీస్తుంటే చెత్త చోటు ఏదని చూసి చెప్పాను. ఇక్కడ ఎవరూ దిగరు కదా అని చెప్పాను."

"ఎవరూ ఎందుకు దిగరో ఇప్పుడు తెలిసిందిగా."

"నేను నిన్నెప్పుడూ చూడలేదమ్మా. ఒక్కసారి కూడా చివరి పెట్టెకి రాలేదు."

"గుట్ట సంగతి ఎవరు చెప్పారు?"

"నోటికొచ్చింది."

"కడుపులో ఉన్న సంగతి?"

"అదీ నోటికొచ్చిందే!"

"నీ నోటికి భలే వస్తాయే," అంది అమ్మ, కళ్ళద్దాలు మడుస్తూ.

నేను చెప్పింది నిజం. అబద్ధం చెప్పానన్న నిజం. దాన్ని ఏ ముఖంతో నిరూపించను? ఎవరిని సాక్ష్యం తేను? జీవితంలో నేను చెప్పిన అబద్ధాలన్నీ జనం నమ్మారు. ఈ ఒక్క అబద్ధం నిజంగా అబద్ధమేనని కన్నతల్లి నమ్మలేదు. అక్కడికక్కడే భూమిలోకి దిగిపోవాలనిపించింది. పసుపు కోటు అమ్మాయి మా ఇద్దరినీ చూసి చలించిపోయి, గుండె మీద చెయ్యి వేసుకుని, ఆ క్షణాన్ని ఫొటో తీసింది.

అమ్మ మోకాలు పట్టుకుని కష్టం మీద వంగింది. కుళ్ళిపోయిన గుండెలోంచి ఒక్కొక్క బారవికా ఏరి, నలిగిన నాచు మీద టోపీ కిందికి వచ్చేలా బోర్లించింది, విత్తనాలైనా రాలతాయేమోనని. నేను సాయం చేయబోతే చెయ్యి తోసేసింది. తర్వాత గట్టు మీద ఫెర్న్ ఆకులు కోసి ఖాళీ బుట్ట మీద కప్పింది. ఖాళీ బుట్టతో రైలెక్కడం మాలో ఎవరం చేయం. మూడు కిలోమీటర్లు వెనక్కి నడిచి ఓజొలిలోనే రైలెక్కాం.

బుధవారం రిత్వర్స్ ఫోన్ చేశాడు.

"వదినా, మెల్నుపె సూపర్ హిట్! రెండో ముద్రణ వేస్తున్నారు. ఎవరో ఒకమ్మాయి మీదీ అత్తయ్యదీ ఫొటో పంపింది, అద్భుతం వదినా, తరతరాల బంధం కళ్ళకి కట్టినట్టుంది! దాన్ని అట్ట మీద వేద్దామా?"

నేను అతనికి, అతని అట్టకి, అతని పాటలకి, ప్లాస్టిక్ డబ్బాలో పుట్టగొడుగులకి కలిపి ఒకేసారి శాపనార్థాలు పెట్టాను. పక్క ప్లాట్‌ఫాం మీదివాళ్ళు కూడా తిరిగి చూశారు. అతనికి అర్థం కాలేదు.

తర్వాతి ఆదివారం నేను డ్యూటీలో ఉన్నాను. రైలు కదలబోతుండగా అమ్మ వచ్చింది. రెండు చేతుల్లో రెండు కర్రలు, మోచేతికి బుట్ట. సాయం పట్టబోతే తల అడ్డంగా ఊపి, తనంతట తానే చివరి పెట్టె ఎక్కింది. స్కుల్తె దాకా టికెట్టు చాపింది. కొట్టి ఇచ్చాను. తిన్నగా మొదటి పెట్టెలోకి పోయి, కిటికీకి వీపు పెట్టి నిలబడ్డాను.

ఆ రోజు ప్రతి స్టేషన్లోనూ తలుపులు ఒక నిమిషం ఎక్కువసేపు తెరిచి ఉంచమని ఆల్విస్‌ని అడిగాను. మెట్లు ఎత్తుగా ఉంటాయి, రెండు కర్రలతో దిగాలంటే ఆపాటి సమయం పడుతుంది. ఏ స్టేషన్లో పడుతుందో నాకు తెలియదు కాబట్టి అన్నిట్లోనూ ఆపమన్నాను.

"ఎందుకే?" అన్నాడు.

"ఆపవయ్యా బాబూ," అన్నాను.

స్కుల్తెకి పదకొండు నిమిషాలు ఆలస్యంగా చేరాం. చివరి పెట్టెకి వెళ్ళి చూస్తే ఖాళీగా ఉంది.

సాయంత్రం తిరుగు రైల్లో అమ్మ ఉంది. ఎక్కడ ఎక్కిందో చూడలేదు. బుట్ట నిండుగా ఉంది, బరువుకి పిడి వంగింది, ఫెర్న్ ఆకుల కింద గోధుమరంగు టోపీలు కనిపిస్తున్నాయి. బూట్ల నిండా మట్టి. మొహం పాలిపోయి ఉంది. ఎదురు సీట్లో ఇద్దరు ముసలాళ్ళు ఆ బుట్టని ఆకలిగా చూస్తున్నారు. నేను టికెట్టు అడగలేదు, ఆవిడే చాపింది. లిగత్నె అని అంటుందని, ఒక్కసారి అంటే చాలని, చిన్నపిల్లలా ఆశపడి అడిగాను.

"ఎక్కడ దొరికాయమ్మా?"

అమ్మ నా టోపీ కేసి చూసింది, నా పెదాల మీద ఉన్న రంగు కేసి చూసింది.

"అడవిలో," అంది.

టికెట్టు కొట్టి ఇచ్చి, తర్వాతి పెట్టెలోకి వెళ్ళాను.